సెల్ఫ్ తిరగని ఉదయం

మా అక్కకు రెండు కళ్ళలోనూ పొర కమ్మి చాలాకాలమయింది. కుప్పంలో ఆపరేషను చేయించుకొమ్మని మేమందరమూ బతిమాలుతూనే వచ్చాము. ఆమె ఒకసారి చింతపండు కొట్టే కాలమన్నది, ఒకసారి ఆవు ఈననున్నదన్నది, మరొకసారి కారణమేదీ చెప్పకుండానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కత్తి అంటే ఆమెకు భయమని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ మాట ఆమె ఎదుట ఎవరమూ అనలేదు.

అటువంటి మనిషి నిరుటి కార్తికంలో ఒక సాయంత్రం తానే ఫోను చేసి, "సరేలే తమ్ముడా, నువ్వు తోడొస్తే పోదాం" అన్నది. నా మేనల్లుడు అప్పటికప్పుడే ఆసుపత్రివారిని విచారించాడు. మరునాడు మధ్యాహ్నం పరీక్షలకు వస్తే, ఆ మర్నాడు ఆపరేషను చేస్తామన్నారట. ఆమె మనసు మారకముందే చేరుకోవాలని, మదనపల్లెలో చలి ఇంకా వీడకముందే బస్సెక్కి పుంగనూరులో దిగాను.

మేనల్లుడికి ఒక పాత డీజిల్ జీపు ఉన్నది. సదుం వైపు పల్లెల నుండి కూరగాయలు తెచ్చే బండి. ఆనాడు దానిని కడిగి, ముందు సీటు మీద దుప్పటి పరచి సిద్ధం చేశాడు. అక్క బట్టల మూట ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. వాడు తాళం తిప్పాడు. లోపలెక్కడో టక్కుమన్నది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టక్కుమన్నది తప్ప ఇంజను కదలలేదు.

"ఏమిరా అది?" అన్నది అక్క.

"సెల్ఫ్ తిరగలేదు మా. ఉండు."

ఆమె ఉండలేదు. ప్రయాణానికి ఆటంకమెదురైతే ఇంట్లోకి తిరిగి వెళ్ళి, కాళ్ళు కడుక్కొని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరడం మా ఇళ్ళలో ఆచారం. ఆ ప్రకారమే అన్నీ చేసి, ముఖాన తడి ఆరకుండానే వచ్చి కూర్చున్నది. వాడు తాళం తిప్పాడు. మళ్ళీ అదే శబ్దం.

"బండికే ఇష్టం లేదు. నేను యాల పోవాల?" అంటూ దిగింది.

"బస్సులో పోదాం అక్కా" అన్నాను.

"ఇంట్లో బండే వద్దంటాంటే, ఊరి బస్సు ఔనంటాదా?"

"నలుగురు నెట్టితే స్టార్టయితాది మామా" అన్నాడు మేనల్లుడు నాతో, మెల్లగానే. ఆమెకు కళ్ళు మసకే కాని చెవులు చురుకు.

"నన్ను ఆసుపత్రికి నెట్టుకుంటా పోతారా? ఈదిలో జనమంతా నిలబడి సూడాల్నా?"

ఆమె లోపలికి పోయి కూర్చుని మూట ముడి విప్పసాగింది. ఆ ముడి ఒకసారి విడిపోతే మళ్ళీ ఈ ఇంట్లో ఎవరూ దానిని కట్టించలేరని నాకూ తెలుసు, మేనల్లుడికీ తెలుసు. వాడు వీధి చివరికి పరుగున పోయి, బ్యాటరీల అంగడి నడిపే ముసల్మాను మేస్త్రిని వెంటబెట్టుకొని వచ్చాడు.

ఆయనది పెద్ద గొంతు. తన పనితనం పుంగనూరులో ఎవరికీ లేదని ఆ గొంతుతోనే చాటుకొంటూ ఉంటాడు. వచ్చీ రాగానే బానెట్టు ఎత్తించి, "క్యా అన్నా, బండికి కూడా కార్తీకం ఉపాసమా?" అన్నాడు. "లైట్లెయ్ సూద్దాం."

లైట్లు ఉజ్జ్వలంగా వెలిగాయి. తాళం తిప్పించాడు. టక్కుమనడంతోనే అవి మిణుగురులై, తాళం వదలగానే మళ్ళీ తేరుకొన్నాయి.

"బ్యాటరీ పోయింది. తీసి పారేయ్."

"దసరా పండగ ముందర రోజు నువ్వే గదా కొత్తది ఇచ్చింది!" అన్నాడు మేనల్లుడు.

మేస్త్రి రెప్ప వేయలేదు. "అయితే బ్యాటరీ బాగుండాది. సెల్ఫే పోయింటాది."

సెల్ఫ్ అంటే ఇంజనును మొదట ఒక చుట్టు తిప్పి మేల్కొలిపే చిన్న మోటారు. ఆయన బండి కిందికి దూరి దానిని ఇనుపకడ్డీతో తట్టాడు. ఫలితం లేకపోయేసరికి ఊడదీసి నేల మీద పెట్టించి, కాలితో తొక్కిపట్టి, పళ్ళున్న క్లిప్పులను బ్యాటరీ టెర్మినళ్ళ నెత్తిన కరిపించి తీగలు తాకించాడు. మోటారు గిర్రున తిరిగి అరిచింది.

లోపలి నుండి, "స్టార్టయిందా?" అని అక్క గొంతు వినిపించింది.

"లేదమ్మా, ఇంగా బయటనే తిరగతాండాది" అన్నాడు మేస్త్రి.

ఆ ప్రశ్న నాలో నిలిచిపోయింది. ప్రయాణం తప్పిందని స్థిమితపడిన మనిషి అడిగే ప్రశ్న కాదది. భయపడుతున్న మనిషికి ఒక సాకు దొరికిందనే నేను అంతవరకూ అనుకొన్నాను. ఆమె గొంతులో మాత్రం ఆశ ఉన్నది. తొంగిచూస్తే ముడి సగమే విప్పి, చేతులు మూట మీదనే ఉంచుకొని కూర్చుని ఉన్నది.

తర్కం చదువుకొనే రోజుల్లో అన్వయవ్యతిరేకాలని చెప్పేవారు. ఏది ఉంటే కార్యం ఉండునో, ఏది లేకుంటే కార్యం లేకపోవునో చూచి కారణాన్ని నిశ్చయించాలి. నిప్పూ పొగా, కుండా కుమ్మరీ మా ఉదాహరణలు. మేస్త్రి చేస్తున్నదీ ఆ విచారమే. బ్యాటరీలో బలమున్నది. మోటారులో చలనమున్నది. రెండింటినీ విడిగా కలిపితే పని జరుగుతున్నది, బండిలో కలిపితే జరగడం లేదు. కాబట్టి దోషం ఈ రెండింటిలో లేదు, వాటి నడిమి దారిలో ఉన్నది. శకునమెంచే అక్కను నేను తప్పుపట్టలేను. టక్కుమన్న శబ్దాన్ని ఆమె కూడా విన్నది. అది తనకేమి చెబుతున్నదో వెదికింది, అంతే.

మోటారును మళ్ళీ బిగించారు. మేస్త్రి ఈసారి బ్యాటరీ దగ్గర నిలబడి, "తాళం తిప్పి పట్టుకో, వదలొద్దు" అన్నాడు. టెర్మినల్‌ను పట్టి ఉంచే సీసపు బిగింపు మీద చెయ్యి వేసినవాడు వెంటనే లాక్కొన్నాడు.

"అబ్బా! కాలతాండాది!"

అంతటి మాటకారి వంగి చూసి, మా ఇద్దరి ముఖాలూ చూసి, తల గోక్కున్నాడు. నేనూ వంగి చూశాను. ఆ బిగింపు చుట్టూ, దాని కిందా, పసుపు. ఎండి అట్టకట్టి, అడుగున తెల్లగా పూచి ఉన్నది.

మా వైపు ఆయుధపూజనాడు బండికి దండ వేసి ఊరుకోరు. బానెట్టు ఎత్తి ఇంజనుకూ, రేడియేటరుకూ, బ్యాటరీకీ పసుపు కుంకుమ పెడతారు. ఆ పూట కొత్త బ్యాటరీ ఇంకా బిగించకుండా పీట మీద ఉండగా, గడపకు పూసినట్లు దాని టెర్మినళ్ళకు మందంగా పసుపు పూశారు. ఆ పసుపు మీదనే బిగింపులు తొడిగారు. లైట్లకు కావలసిన కొద్దిపాటి కరెంటును అది పోనిచ్చింది. మోటారు అడిగే పెద్ద ప్రవాహాన్ని, నెమ్ము పట్టి అట్టకట్టేకొద్దీ, అడ్డుకొన్నది.

"మొదటే సూసినా సామీ" అన్నాడు మేస్త్రి, గొంతు తగ్గించి. "పూజ పసుపు గదా. నేను గీకితే మీరేమనుకుంటారో అని దాని జోలికి పోలేదు."

"నేనూ అంతే మామా" అన్నాడు మేనల్లుడు. "అమ్మ పెట్టింది. యాల కదిలించాలని పైన బోల్టు మాత్రం బిగించినా."

నేనూ బానెట్టు ఎత్తినప్పుడే దానిని చూశాను. నల్లటి యంత్రం నడుమ ఆ రంగు ముచ్చటగా ఉన్నదనుకొని ఊరుకొన్నాను.

వాడు నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మకు చెప్పొద్దు మామా. పూజ చేసిందాని వల్లనే బండి నిలిచిపోయిందంటే ఇంగ ఈ జన్మలో రాదు."

ఆ మాట ఆమెకు వినబడిందో, మేము అందరమూ ఒక్కసారిగా మౌనం వహించడమే వినబడిందో, అక్క గోడ పట్టుకొంటూ బయటికి వచ్చింది. "ఏం చెప్పొద్దంటాండావురా? పసుపు పెట్టింది నేనే గదా. దానికేమయింది?"

దాచడానికి మార్గం లేక చెప్పాను. ఆమె చెయ్యి చాచింది. ఆ చేతిని తీసుకొని బ్యాటరీ మీద పెట్టాను. వేళ్ళతో చుట్టూ తడిమింది.

"ఇంతా?"

ఆమె వేళ్ళు ఆ మందం మీదనే మరొక చుట్టు తిరిగాయి.

"ఒక్కొక్కదానికి ఒక్క బొట్టు పెట్టినాననుకున్నా నాయనా. అంటినట్లు కనపడలేదు. పెట్టిన సోటే మళ్ళీ మళ్ళీ పెట్టినట్లుండాను."

చెయ్యి వెనక్కు తీసుకొని, "గీకెయ్ అప్పా" అన్నది మేస్త్రితో.

"మీరు మొదుట తుడవండమ్మా. ఆ పైన నేను."

ఆమె కొంగుతో ఒకసారి తుడిచి కళ్ళకద్దుకొని పక్కకు జరిగింది. ఆయన వేడినీళ్ళు పోసి, గరుకైన ఉప్పుకాగితంతో సీసం తళుక్కుమనేదాకా రుద్ది బిగించాడు. మేనల్లుడు తాళం తిప్పగానే ఇంజను లేచింది.

"ఆపు" అన్నది అక్క.

మేనల్లుడు బిత్తరపోయి ఆపాడు.

"ఇప్పుడు మళ్ళీ తిప్పు."

మళ్ళీ లేచింది. ఆమె లోపలికి వెళ్ళి మూట ముడి వేసుకొని వచ్చి కూర్చున్నది. "నా పేరు చెప్పండి డాక్టరుకి, తగ్గించుకుంటాడు" అని మేస్త్రి కేక వేశాడు. కుప్పంలో ఆయనను ఎరిగినవారెవరూ లేరు.

పలమనేరు దాటాము. ఆ తరువాత, నేనేమీ అడగకుండానే, "బండి వద్దనలేదు తమ్ముడా. ముందు నీ కండ్లు సూసుకోమనింది" అన్నది. దానిని ఖండించే హేతువును వెదకాలని నాకనిపించలేదు.

ఆసుపత్రిలో చిన్నవయసు డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, "రేపు పొద్దున ఎడమ కన్ను చేస్తాం అవ్వా" అన్నది.

"కుడిదెప్పుడు?"

"ఇది బాగా మానినాక, కొన్ని వారాలు పోనిచ్చి చేద్దాం."

"అంతకాలం యాల? రెండూ ఒకేమాటు తీసెయ్‌మ్మా. నేను ఉంటాలే."

డాక్టరమ్మ నవ్వి మా వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఆ అక్కను కుప్పం రమ్మని బతిమాలిన నేనూ మేనల్లుడూ ఆ సాయంత్రమంతా ఆమె మంచం పక్కన కూర్చుని, ఒక కంటితో సరిపెట్టుకొమ్మని నచ్చజెబుతూ గడిపాము.