సిద్ధాంతిగారి కంప్యూటర్లో మూడో సిస్టమ్

నేను స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవడానికి ముందటి ఏడాది, శ్రావణమాసంలో, తెనాలి బ్రాంచి నుంచి నాకు రేపల్లె కాల్ పడింది. అప్పటికి నా హోదా సీనియర్ సర్వీస్ ఇంజనీరు. జూనియర్ పనిముట్ల బ్యాగు మోస్తాడు. సీనియర్ బ్యాగుతోపాటు తిట్లు కూడా మోస్తాడు. అంతకుమించి తేడా నాకు పాతికేళ్ళలో కనబడలేదు.

కాల్ షీటులో పని ఇలా రాసి ఉంది: ‘పాత రెండు సిస్టములు కదపకుండా, పక్కన తేలికపాటి లినక్స్ వేయవలెను.’ కంప్యూటర్ యజమాని ఒక జ్యోతిష సిద్ధాంతిగారు. ఆయన జాతకాల ప్రోగ్రాం పాత విండోస్‌లో తప్ప నడవదు. దాన్ని రాసిన పెద్దమనిషి కాలం చేశారు కాబట్టి మార్చేవాళ్ళూ లేరు. ఇంటర్నెట్ కోసం ఎవరో కొత్త విండోస్ కూడా ఎక్కించారు. అది మొదలయ్యేలోపు అన్నం వండి, వార్చి, తిని, చెయ్యి కడుక్కోవచ్చు. ఆయన కోడలు స్కూల్ టీచరు. హాజరు వివరాలు నెట్‌లో పంపలేక ఆవిడే మూడో సిస్టమ్ అడిగింది.

నేను ఉదయం ఎనిమిదిన్నరకే వెళ్ళాను. సిద్ధాంతిగారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పది నలభై రెండు దాకా మీట నొక్కొద్దన్నారు. సరే, ముహూర్తం. ఆ రెండు గంటల్లో నాకు మూడు కాఫీలు, ఆయన వంశవృక్షంలో ఏడు తరాలు ముట్టాయి.

ఈ పనికి ఒక క్రమం ఉంది. ముందు ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి నకలు తీయాలి. తర్వాత హార్డ్ డిస్కులో కొంత జాగా ఖాళీ చేసి, పెన్‌డ్రైవ్ నుంచి కొత్త సిస్టమ్‌ను అందులోకి దింపాలి. చివర బూట్ మెనూ వస్తుంది. అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే మూడు పేర్లు చూపించి, పది సెకన్లలో ఏదో ఒకటి ఎంచుకోమంటుంది.

“పది సెకన్లేంటండీ? పెళ్ళిచూపులకైనా ఒక పూట ఇస్తాం” అన్నారాయన.

నకలు తీయడం ముగిసేసరికి పదకొండున్నర. పన్నెండూ పదికి వర్జ్యమట. ఆయన చేతి గడియారం పట్టుకుని నా భుజం మీదికి వంగి, “కానివ్వండి, కానివ్వండి” అని ఒత్తిడి మొదలెట్టారు. కొత్త సిస్టమ్ దిగేటప్పుడు బోలెడు ప్రశ్నలు అడుగుతుంది. అందులో ఒకటి, కంప్యూటర్ లోపలి గడియారం గ్రీనిచ్ కాలంలో ఉందా అని. విండోస్ ఉన్న పెట్టెలో దానికి ‘లేదు’ అని జవాబివ్వాలి. నేను ‘ఉంది’ అని నొక్కేశాను. వర్జ్యానికి నాలుగు నిమిషాల ముందు పని పూర్తయింది. ఆయన సంతోషించి, షీటు మీద సంతకం చేసి, నాకు అరటిపళ్ళ అత్తం ఇచ్చారు.

నాలుగో రోజు నేను బాపట్లలో ఒక కాలేజీ ల్యాబ్‌లో ఉండగా మా ఏరియా మేనేజరు ఫోన్ చేశాడు.

“గురువుగారూ, రేపల్లెలో గేదె తప్పిపోయిందంట. మీరు వెళ్ళాలి.”

గేదెలు మన సర్వీసు ఒప్పందంలో లేవండి అన్నాను. వెళ్ళమన్నాడు. చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సులో సగం దూరం ఒంటికాలి మీద నిలబడ్డాను. రెండో కాలు మోపడానికి జాగా లేదు.

సంగతేమిటంటే, చెరుకుపల్లి రైతు నాగేశ్వరరావు పాడిగేదె, నేను సిస్టమ్ వేసిన రోజే కట్టు తెంపుకుని పోయింది. ఆయన మర్నాడు ఉదయం తొమ్మిదింటికి వచ్చి ప్రశ్న అడిగాడు. ప్రశ్న అంటే, అడిగిన క్షణానికి లగ్నం కట్టి జవాబు చెప్పడం. ఆ క్షణాన్ని జాతకాల ప్రోగ్రాం కంప్యూటర్ గడియారం నుంచే తీసుకుంటుంది. మిథున లగ్నం వచ్చింది, పడమర అన్నారు సిద్ధాంతిగారు. రైతు, ఆయన మనుషులు నలుగురూ రెండు రోజులు పడమటి కాలవగట్లన్నీ తొక్కారు. దొరకలేదు. ఇప్పుడాయన అరుగు మీద బైఠాయించి, సిద్ధాంతిగారి మాట ఏపాటిదో చెరుకుపల్లిలో ప్రతి టీ కొట్టుకీ చెప్తానంటున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంటి బతుకంతా ఆ మాట మీదే. అందుకే నేను వేసిన సిస్టమ్ ఏమైనా తేడా చేసిందేమో చూడమని సిద్ధాంతిగారు మా ఆఫీసుకి ఫోన్ చేయించారు.

నేను పాత విండోస్ తెరిచాను. గోడ మీద పన్నెండున్నర. కంప్యూటర్లో ఉదయం ఏడు. కోడలు సాయంత్రం లినక్స్ వాడి ఆపినప్పుడల్లా, అది నా జవాబును నమ్మి, లోపలి గడియారంలో గ్రీనిచ్ కాలం రాసిపెడుతోంది. పాత విండోస్ దాన్నే మన కాలం అనుకుంటోంది. అయిదున్నర గంటలు వెనక. తొమ్మిదింటికి అడిగిన ప్రశ్నకు మూడున్నరకు లగ్నం కట్టింది.

తప్పు నాదేనని చెప్పాను. సిద్ధాంతిగారు ఆ రోజు ప్రింటు తీసిన లగ్నం కాగితం ముందేసుకున్నారు.

“పట్టపగలు అడిగిన ప్రశ్నకి సూర్యుడు ఇంకా నేల కిందే ఉన్నాడండి ఇందులో. అది చూసుకోవాల్సింది నేను” అన్నారు.

నేను లినక్స్‌లో ఆ జవాబు మార్చి, గడియారం సరిచేసి, మూడు సిస్టములూ వంతులవారీగా తెరిచి చూపించాను. ఆయన ప్రోగ్రాం జోలికి పోకుండా పంచాంగం తీసి చేత్తో లెక్క కట్టారు. కన్యా లగ్నం. దక్షిణం.

“ఇంకో రెండ్రోజులు దక్షిణమా బాబాయ్? మిగతా రెండు దిక్కులు కూడా ఇప్పుడే చెప్పు, ఒకేసారి తిరిగొస్తా” అన్నాడు నాగేశ్వరరావు.

సిద్ధాంతిగారు ఆ మాట పట్టించుకోకుండా, ఆ గేదెను ఎక్కడ కొన్నావని అడిగారు. నిజాంపట్నం వైపు, బావమరిది దగ్గర, నెల క్రితం. అతనికి ఫోన్ చేశావా అన్నారు. వాడితో నాకు మాటల్లేవు అన్నాడు రైతు. భోజనానికి బడి నుంచి వచ్చిన కోడలు రైతు భార్యకు ఫోన్ కలిపింది. ఆవిడ తన తమ్ముడికి చేసింది. గేదె మూడు రోజులుగా పాత కొట్టంలోనే ఉంది. బావే వచ్చి అడిగితే ఇద్దామని కట్టేశానన్నాడు తమ్ముడు. ఆ ఊరు చెరుకుపల్లికి దక్షిణాన.

వారంలోగా రేపల్లె అంతా తెలిసిపోయింది: సిద్ధాంతిగారు చెప్పింది నిజం, తెనాలి ఇంజనీరు పెట్టిన టైము అబద్ధం. మా మేనేజరు నన్ను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగాడు, నేను రాసిచ్చాను.

ఒక పెట్టెలో ఎన్ని సిస్టములు వేసినా లోపలి గడియారం ఒక్కటే. పని కాగానే ఒక్కోదాన్నీ రెండుసార్లు తెరిచి, ఆపి, టైము చూశాకే సంతకం తీసుకోవాలి. నెట్‌లో వెతికితే ఇది నాలుగు వాక్యాల్లో దొరుకుతుంది. నాకు ఒక గేదె కావలసి వచ్చింది.