అడ్డాకు నాలుగు మూలలు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, మా కొండ ఊళ్ళో ఆడపిల్ల బడికన్నా మేకల వెనకే ఎక్కువ తిరిగేది. నేనూ తిరిగాను. నాకు అక్షరాలు వచ్చేసరికి నా ఈడు వాళ్ళు పెద్ద తరగతుల్లో ఉన్నారు. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతిలో చేర్చుకోవాలంటే లెక్కల పరీక్ష గట్టెక్కాలన్నారు. తప్పితే చదువు కట్టేనని మా అయ్య ముందే చెప్పేశాడు.

పరీక్ష ముందురోజు పక్కింటి అక్కతో కూర్చుని సంతకు అడ్డాకుల విస్తళ్ళు కుడుతున్నాను. అక్క పది దాకా చదివింది. నా కుట్టు చూసి నవ్వింది.

"ఏటే గుంటా, ఆకుని కుడతన్నావా, సంపుతన్నావా?"

ఏడుపొచ్చేసింది. "రేపటి లెక్కలే అక్కా. నాలుగు మూలలూ కలిపితే ఎప్పుడూ మూడొందల అరవై డిగ్రీలేనంట. అది కిందోళ్ళ పొలాలకక్కా. మన మళ్ళకి సెల్లదు."

నిజంగానే అలా నమ్మాను. పక్కనే పారే గెడ్డ వంపుతో పాటే వంగిన మడి మాది. ఒక మూల పిట్టముక్కులా ఉంటే ఇంకోటి చేటలా తెరుచుకుని ఉండేది. పుస్తకంలో బొమ్మలేమో చక్కగా గీసినవి.

"అయితే మీ మడిలాగే కోయి. ఎంత వంకరైనా సరే," అంటూ అక్క పచ్చి అడ్డాకు చేతిలో పెట్టింది.

కసిగా కోశాను. అక్క నాలుగు మూలలూ చింపి, మొనలన్నీ ఒకచోట కలిసేలా చాప మీద పేర్చింది. చుట్టూ నిండిపోయాయి. సందు లేదు, ఒకదాని మీదొకటి ఎక్కలేదు. ఏదో కుదిరిందిలే అని ఇంకా వంకరగా ఇంకోటి కోశాను. అదీ అంతే.

మూడో ఆకుకి అక్క మూడు మూలలే పేర్చి, నాలుగోది గుప్పిట్లో దాచేసింది. "బేగి సెప్పు, ఇదెంతుంటాది?"

చాప మీద మిగిలిన ఖాళీని వేలితో చూపించాను. అక్క గుప్పిట విప్పి అక్కడ పెడితే సరిగ్గా అమరింది.

"అంతేనే. ఉన్న మూడూ కలుపు, నిండు చుట్టు మూడొందల అరవైలోంచి తీసెయ్."

మర్నాడు పరీక్షలో మూడు మూలలు ఎనభై, తొంభై అయిదు, నూట ఇరవై ఇచ్చి నాలుగోది అడిగారు. అరవై అయిదు రాశాను. అందరికన్నా ఆలస్యంగానే రాశాను, తప్పు మాత్రం రాయలేదు. ఏడో తరగతిలో వెనక బెంచీ నాదైంది.

ఇది కొండవాళ్ళకు కుదరదు అన్నవాళ్ళని ఆ తరవాత చాలామందిని చూశాను. ఆ మాట నా గురించి అందరికన్నా ముందు అన్నది నేనే. అందుకే ఇప్పుడు ఎవరు ఆ మాట అన్నా కోపం రాదు. నమ్మకమూ రాదు. ఏదీ, నా చేత్తో చింపి పేర్చి చూడనివ్వండి అంటాను.