అక్క ఇచ్చిన కింది రాయి

తిరుపతిలో చిత్తూరు బస్సు ఎక్కేటప్పుడు నాలో ఉన్నది కోపమే. మ్యూజియాలు చూసే సరదా నాకు ఏనాడూ లేదు. మా అమ్మ తిరగలి కింది రాయిని మా అక్క దానం ఇచ్చేసిందనీ, చిత్తూరులో ఒక పాత బెల్లం వ్యాపారి మేడలో దాన్ని జనం చూడడానికి పెట్టారనీ తెలిసి ఏడాదైంది. అక్క చనిపోయీ ఏడాదే. నా మీద కసితో ఇచ్చిందా, మనసులో ఇంకేదైనా పెట్టుకుని ఇచ్చిందా? అది తేలకపోతే నాకు అన్నం సయించేలా లేదు. పోయిన మనిషిని అడగలేం కాబట్టి రాయినైనా చూసి వద్దామని బయలుదేరాను.

ముందు మా తెలివితక్కువతనం చెప్పాలి. అమ్మ కర్మ ముగిసిన మర్నాడు మా ఊరి పాత ఇంట్లో ఇత్తడి సామానూ చీరలూ ఏ గొడవా లేకుండా పంచుకున్నాం. పెద్ద గుండిగను అక్క తనంతట తానే నా వైపు తోసింది. తిరగలి దగ్గర ఆగిపోయాం. ఇద్దరి ఇళ్ళలోనూ మిక్సీలు ఉన్నాయి, విసురుకునేది ఏమీ లేదు, అయినా ఇద్దరికీ కావాలి. చిన్నప్పుడు అమ్మకు సాయంగా ఎక్కువ విసిరింది తనే అని అక్క అంది.

"కడదాకా అమ్మకు చేసింది నేను. నువ్వు చుట్టం మాదిరి వచ్చి పోయినావు" అన్నాను.

అనకూడని మాట. నాకు పెళ్ళి కాలేదు, అమ్మ నా దగ్గరే ఉండేది. అక్క బంగారుపాళ్యంలో మామిడి తోటనూ, అత్తామామలనూ, పిల్లలనూ వదిలి నెలకొకసారైనా వచ్చేది. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను. అక్క ముఖం మాడిపోయింది. నేను అక్కడితో ఊరుకోలేదు. "అట్లయితే తలా ఒక రాయి తీసుకుందాం, పో" అన్నాను. "సరే, కిందిది నాకు" అంది అక్క. మా మేనమామ పంచె దులుపుకుని లేచి, "తిరగలిని పంచుకున్నోళ్ళను నేను యాడా సూడలేదమ్మా" అన్నాడు. ఆయన మాట చెవికెక్కే స్థితిలో మేము లేము.

ముప్పై ఏళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసినదాన్ని. ఒకే బావిని పూటల చొప్పున పంచుకున్న అన్నదమ్ములనూ, ఒకే చింతచెట్టును కొమ్మల చొప్పున పంచుకున్న దాయాదులనూ చూసి, ఇంటికొచ్చి అమ్మకు చెప్పి నవ్వేదాన్ని. వాళ్ళకు నీళ్ళో చింతపండో దక్కింది. మాకు దక్కింది ఏమిటి? పైరాయిని గోనెసంచిలో కట్టి బస్సెక్కిస్తే కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు అక్కా నేనూ పెళ్ళిళ్ళలో ఎదురుపడితే "బాగుండావా?" "ఉండాను". అంతే.

అక్క పోయినప్పుడు వెళ్ళాను. అందరితోపాటు చాప మీద కూర్చున్నాను. పెరట్లో రాయి కనిపించక అడిగితే, అక్క కొడుకు, "అమ్మ దాన్ని చిత్తూర్లో మ్యూజియంకు ఇచ్చేసినాది చిన్నమ్మా" అన్నాడు. ఆ ఇంట్లో ఏడవాల్సింది పోయి పళ్ళు నూరుకున్నాను. నాకు కబురు పెట్టి ఉంటే నేను తెచ్చుకునేదాన్ని కదా అనుకున్నాను.

మేడ బజారు వీధి చివర ఉంది. బయట నుంచి చూస్తే ఇరుకు వాకిలి, లోపలికి వెళితే నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం కనిపించే తొట్టి. తేకు స్తంభాలకు కొత్తగా నూనె పట్టించారు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, చుడీదారు వేసుకున్న ఒక అమ్మాయి టిక్కెట్టు చించి ఇచ్చి, "చెప్పులు ఈడే ఇడిసి రండి మా. ఏదీ ముట్టుకోవద్దు" అంది. ఒంటరిగా వచ్చిన ముసలామెను చూసి, "ఒక్కరేనా?" అని కూడా అడిగింది. ఈ ప్రశ్న నన్ను హోటళ్ళలో అడుగుతారు, ఆసుపత్రిలో అడుగుతారు, తిరుమల కొండ మీద గది అడిగితే అక్కడా అడుగుతారు. ఒక్కదాన్నే అన్నాను.

పెళ్ళి కావలసిన జంట ఒకటి అప్పటికే తొట్టిలో ఫోటోలు తీయించుకుంటోంది. పిల్లవాడు రోకలి పట్టుకున్నాడు, తలకిందులుగా. పిల్ల చేటతో చెరుగుతూ నవ్వాలట. చేటలో ఏమీ లేదు. మా అమ్మ చూసి ఉంటే చేట లాక్కునేది. ఉత్త చేట చెరగకూడదని ఎవరూ చెప్పలేదు ఆ పిల్లకు. నేను నోరు తెరిచాను గానీ, ఆ ముసిముసి నవ్వులు చూసి మూసుకున్నాను.

గదులన్నీ తిరిగాను. పిల్లల ఉయ్యాల, మరచెంబులు, ఊరగాయ జాడీలు, ఇంటాయన కూర్చున్న వాలుకుర్చీ. అన్నీ కడిగి తుడిచి పెట్టారు. ఇల్లన్నాక తిరగమోత వాసనో, పిల్లల ఏడుపో ఉండాలి. ఇక్కడ వస్తువులన్నీ ఉన్నాయి, వాటి కోసం కొట్లాడుకునే మనుషులు మాత్రం లేరు.

వంటింటి వెనక వసారాలో కనిపించింది మా రాయి. అంచున చిప్ప లేచి ఉంది. నా ఏడో ఏట నేను రుబ్బురోలు పొత్రం జారవిడిస్తే లేచిన చిప్ప అది. అక్క ఆ రోజు తనే పగలగొట్టానని చెప్పి వీపు మీద దెబ్బ తిన్నది. చెక్క బల్ల మీద, తాడు అవతల, ఆ రాయి ఒక్కటే ఉంది. నడుమ ఇనుప చీల పైకి నిలబడి ఉంది.

విసిరేటప్పుడు ఎదురెదురుగా కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. మాది పెద్ద తిరగలి, ఒక్కరు తిప్పలేరు. ఒకటే పిడి, కింద అక్క చెయ్యి, పైన నాది. నేను లాగి వదిలితే అక్క అందుకుని లాగేది. కందులు పోసే పనీ అక్కదే. నేను పోస్తే సగం నేలపాలు. చెయ్యి నొప్పి పుడితే నేను లాగడం మానేసి ఊరికే పిడి మీద పెట్టి ఉంచేదాన్ని. అక్కకు బరువు తెలిసిపోయేది. "అమ్మా, ఇది చెయ్యి పెట్టి నిద్ర పోతాండాదే!" అని అరిచేది. అరుస్తూనే నా వంతు కూడా తిప్పేది. అప్పుడు అక్కకు పదమూడు, నాకు తొమ్మిది.

కళ్ళజోడు తుడుచుకుని బల్లకు అంటించిన చీటీ చదివాను. "తిరగలి. కింది రాయి మాత్రమే. పప్పులు విసరడానికి వాడేవారు. పైరాయి దాతగారి చెల్లెలి వద్ద ఉన్నది."

మళ్ళీ చదివాను.

పైరాయి నా వద్ద లేదు. తెచ్చిన నాలుగేళ్ళకే ఇల్లు మారాను. సామాను ఎక్కించే మనిషి బాల్కనీలో ఉన్న దాన్ని చూసి, "ఇది గూడా ఎక్కించాల్నా మా?" అని అడిగితే, "ఒంటి రాయి, దాంతో ఏం పని, ఆడే ఇడిసెయ్" అన్నాను. చాలా తేలిగ్గా అన్నాను. అక్క కర్మ అయ్యాక వెళ్ళి చూస్తే ఆ ఇల్లే లేదు. కొట్టేసి అపార్టుమెంటు కడుతున్నారు. మట్టిలో కాసేపు వెతికాను. మేస్త్రీ ఏం పోయిందమ్మా అని అడిగితే చేతుల మట్టి తుడుచుకుని వచ్చేశాను.

నా వెనకే ఆ టిక్కెట్టు అమ్మాయి వచ్చి నిలబడింది. "ఆ రాయి ఇచ్చినామె ఆటోలో తానే తెచ్చినాది మా. ఆయాసం, నడవలేదు, అయినా తానే వచ్చినాది. ఆ ఆఖరి మాట రాయకుంటే రాయి ఇయ్యనని ఈడనే కూర్చునేసింది. మా సారు రాసి చూపించినాకనే లేచినాది."

"చెల్లెలి ఫోను నంబరు ఇయ్యలేదా?"

"అడిగినాము. దాని నంబరు ఎందుకు, అదే వస్తాది అనింది. అది మొండిది, ఆలస్యంగా వస్తాది, మీరు రాయి మాత్రం తీసేయొద్దండి అనింది."

కసి కాదు. నా కోసం కాచుకుని ఉండమని రాయిని అక్కడ కూర్చోబెట్టి పోయింది మా అక్క. నేను ఏడాది పాటు తనను తిట్టుకుంటూ కూర్చున్నాను. తను బతికి ఉండగా రెండున్నర గంటల ప్రయాణం నాకు బరువైంది.

"ఆ చెల్లెలు నేనే" అన్నాను.

అమ్మాయి ముఖం వెలిగింది. "మీరేనా మా! అయితే పైరాయి ఉండాదా? మా సారు ఊరికే అడగతా ఉంటారు. లేదంటే చీటీ మార్చేస్తాము. తప్పు రాసి పెడితే సారు ఒప్పుకోరు."

నేను పనిచేసినన్నాళ్ళూ ఒక్క అబద్ధపు వాక్యం నా చేతి మీదుగా దస్తావేజులోకి పోనివ్వలేదు. సరిహద్దు గజం తేడా వస్తే కాగితం తిప్పి పంపేదాన్ని. ఈ అమ్మాయికి నిజం చెప్పడం ధర్మం. చెబితే సాయంత్రానికి ఆ చివరి వాక్యం తీసేసి కొత్త చీటీ అంటిస్తారు. అమ్మ లేదు, మేనమామ లేడు, అక్క లేదు. నన్ను చెల్లెలని చెప్పేది ఈ లోకంలో ఆ చీటీ ఒక్కటే మిగిలింది.

"ఉండాది" అన్నాను. "తిరుపతిలో మా ఇంట్లోనే ఉండాది."

"ఎప్పుడు తెస్తారు మా?"

"బరువు గదా. ఒక్కదాన్నే ఎత్తలేను" అన్నాను.