బురదలో మా పెళ్లిజీపు

ఆ రోజుల్లో జీపంటే పెద్ద ఒళ్లు, పెద్ద గొంతు. అది గోపాలపట్నంలో దగ్గితే సింహాచలంలో వినపడుతుందనేవాళ్లు. అలాంటిది ఎనభైల నడుమ, స్టీలు ప్లాంటు కడుతున్నప్పుడు, మా సర్వే ఆఫీసుకి కొత్తరకం చిన్న జీపొకటి దిగింది. తెల్లగా, బుల్లిగా, చప్పుడు చెయ్యకుండా వచ్చి నిలబడేసరికి ఎవరో ‘మేకపిల్ల’ అన్నారు. (రోజూ పెద్ద జీపుని తోసి స్టార్ట్ చేసేవాళ్లే ఎక్కువ నవ్వారు.) దాని డ్రైవరు అందరినీ ‘బావా’ అని పిలిచేవాడు గనక, మేమూ అతన్ని ‘బావ’ అనేవాళ్లం. గేరు కర్ర పక్కన ఇంకో పొట్టి కర్ర ఉండేది, నాలుగు చక్రాలూ కలిసి లాగడానికట. “అది విరిగితే ఇక్కడ దొరకదు” అని ఎవరో భయపెట్టడంతో, బావ దాన్ని తుడవడమే తప్ప కదిపిన పాపాన పోలేదు.

ఆ శ్రావణంలో పద్మనాభం అనే ఊళ్లో నా పెళ్లి. గోదావరి నుంచి వచ్చిన మావాళ్లంతా ముందురోజే విడిదికి వెళ్లిపోయారు. నాకు సెలవు చాలక ఉండిపోతే, మా ఆఫీసరు ఆ ఉదయానికి మేకపిల్లని ఇచ్చారు. పెళ్లికొడుకు ఒంటరిగా రాకూడదని మా మేనత్త నాతో ఉండి, ముందు సీటంతా ఆవిడే ఆక్రమించింది. తీరా ఊరు కనబడుతుండగా, వానకి తడిసిన రోడ్డుకి అడ్డంగా గడ్డిలారీ ఒకటి దిగబడి ఉంది. అవతల సన్నాయి వినబడుతోంది.

“భయపడకు బావా, సేలోంచి తీసుకెల్లిపోతాను” అన్నాడు బావ. తీసుకెళ్లాడు, చేలో సగం దాకా. అక్కడ చక్రాలు కూరుకుపోయాయి. నేను దిగి వెనకనుంచి తోస్తుంటే అవి గిర్రున తిరిగి, నా పట్టుపంచెకి చక్కగా బురద అద్దాయి.

“ముహూర్తం దాటిపోతోందిరా! సింహాద్రి అప్పన్నా!” అంటూ మేనత్త ఆసరాకి చేతికందిన పొట్టి కర్రని పట్టుకుని బలంగా వెనక్కి లాగింది.

“పిన్నీ, అది ముట్టుకోకండి!” అని బావ అరిచేలోపు జీపు గట్టెక్కింది. ఎక్కి, ఆగకుండా పోయింది. నేను మాత్రం బురదలో బోర్లా పడి ఉన్నాను.

“ఏటమ్మా ఇది, ఇంత బాగా లాగుతన్నాది!” అని బావ ఆనందం. “ఒరేయ్, పెళ్లికొడుకు దిగిపోయాడ్రా!” అని అత్త గోల. పంచె ఎగగట్టి, నేను పరుగెత్తుకుంటూ పందిట్లోకి చేరాను. కాళ్లు కడగబోయిన మామగారు కాసేపు నన్నూ, నా మోకాళ్లనూ చూశారు.

“ఏటి బాబూ, పెల్లికొచ్చేవా, ఊడుపులకొచ్చేవా?”

పందిరంతా నవ్వింది. తెర వెనక నుంచి గాజుల చప్పుడుతో ఓ చిన్న నవ్వు విడిగా వినబడింది. మామగారికి రెండు బిందెల నీళ్లు చాలలేదు.

ఇప్పుడా రకం జీపులు కొత్తగా రావడం లేదు. ఎప్పుడైనా పాతదొకటి ఎదురైతే నేను రోడ్డు పక్కనే ఆగిపోతాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ మా పెళ్లిఫొటో చూపించి, “తాళి కడుతూ కూడా చూపు బయటున్న జీపు మీదే” అంటుంది. నేను ఆ ఫొటో మళ్లీ చేతిలోకి తీసుకుంటాను. చెవి వెనక బురద ఇంకా ఆరని ఆ కుర్రాడు చూస్తున్నది జీపుని కాదు, తెర వెనక నవ్వింది ఎవరా అని తల తిప్పి వెతుకుతున్నాడు. అంత దగ్గరలో కూర్చున్న మనిషిని అటువైపు వెతికాడు, పిచ్చి వెధవ!