పట్టే వైపు

నా చిన్నప్పుడు రామచంద్రపురం దగ్గర మా ఊళ్లో ఉన్న కారు ఒక్కటే. అది మా మేనత్తది. బాబాయిది అని ఊళ్లో అనేవారు, ఇప్పటికీ అనేవాళ్లున్నారు. తప్పు. మావయ్య పోయాక అత్తయ్య కాకినాడ నుంచి పుట్టింటికి వచ్చేస్తూ ఆ కారును తానే నడుపుకుంటూ వచ్చింది. అరుగు మీద నిలబడి నేను కళ్లారా చూశాను. ఆ సాయంత్రం బాబాయి దాన్ని కొట్టంలో పెట్టించి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. కారు ఆయనది కావడానికి ఆయన చేసిన పని అంతే.

అత్తయ్య టీచరు ట్రైనింగు పాసైంది. రాజమండ్రిలో ఒక ఆడపిల్లల బడి నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. ఫలానా రోజు మధ్యాహ్నం లోపల వెళ్లి కనిపించాలి. వెళ్లకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. బాబాయి అత్తయ్యకు తమ్ముడే అయినా ఇంటి పెత్తనం ఆయనది. మన ఇంటి ఆడపడుచు ఊరి పిల్లలకి చాకిరీ చేస్తే పరువేముంటుంది అన్నాడు. ఆమె మా ఇంట్లో తెల్లారి లేచింది మొదలు చేసే చాకిరీకి ఆ పరువు ఎప్పుడూ అడ్డం రాలేదు.

వెళ్లాల్సిన రోజు తొలి ఏకాదశి అయింది. నాకు తిథులూ తారీఖులూ తప్పవు. నాయనమ్మ పెరట్లో రోలు ముందు కూర్చుని పేలపిండి దంచుతోంది. ముందురోజు బాబాయి, "బస్సులో ఎందుకు, నేనే కార్లో దింపుతాను" అన్నాడు. ఆ మాట నమ్మి అత్తయ్య పొద్దుటి బస్సు వదులుకుంది. బస్సు కాలవగట్టు దాటి వెళ్లిపోయాక ఆయన కొట్టంలోకి వెళ్లి, తీరిగ్గా తిరిగొచ్చాడు.

"బ్యాటరీ దిగిపోయింది అక్కయ్యా. ఏం చేస్తాం మరి, మన చేతుల్లో ఏముంది?"

అత్తయ్య వెళ్లి కారు తలుపు తీసింది. పెద్దలైట్ల స్విచ్చి లాగి ఉంది. అవి రాత్రంతా వెలిగాయన్నమాట.

"ఇదెవరు లాగార్రా?"

"పిల్లలెవరో అయ్యుంటారు."

ఆ ఇంట్లో పిల్లలంటే నేనొక్కదాన్నే. నేను ముట్టుకోలేదు. ఆ సంగతి అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

బ్యాటరీ దిగిన కారును కదిలించడానికి ఆ రోజుల్లో మూడు దారులుండేవి. మోకు కట్టి ఎడ్ల చేత లాగించాలి. మా ఇంట్లో ఏకాదశి నాడు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. లేదా నలుగురు మగాళ్ల చేత తోయించాలి. తోయించమంటే పిలుస్తాను గానీ, ఎక్కడికెళ్తున్నావో ఎందుకెళ్తున్నావో వాళ్లకి కూడా చెప్పుకుని వెళ్లు అన్నాడు బాబాయి. ఇక మిగిలింది హ్యాండిలు. బంపరు కింది బెజ్జంలోంచి దూర్చి ఇంజన్ని చేత్తో తిప్పే ఇనపకడ్డీ. అది కొట్టంలో నాగలి పక్కనే కొక్కేనికి వేలాడుతుండేది. నాగలిని ఆడవాళ్లు ముట్టుకోకూడదంటారు. నాగలి పక్కన ఉన్న పాపానికి హ్యాండిలుకి కూడా ఆ మడి అంటుకుంది.

అత్తయ్య కొంగు నడుముకి బిగించి అటు నడిచింది. రోకలి చప్పుడు ఆగిపోయింది.

"ఒసేయ్, అటు వెళ్లకూడదే!" అని నాయనమ్మ కేక.

"నాగలి నాకెందుకమ్మా? నా కారు సామాను నేను తీసుకుంటున్నా."

"పోనీలే అమ్మా, అక్కయ్య సరదా మనమెందుకు కాదనాలి" అంటూ బాబాయి నవ్వుతూ వెళ్లి, తానే ఒక హ్యాండిలు తీసి ఆమె చేతికిచ్చాడు. చక్కటి నున్నటి చెక్కపిడి, అరిగి అరిగి మెరుస్తోంది. బాబాయి మనసు మారిందనుకుని నేను సంబరపడ్డాను కూడా.

అత్తయ్య పిడిని చూడలేదు. హ్యాండిలు తిరగేసి రెండో కొస చూసింది. తీసుకెళ్లి మళ్లీ కొక్కేనికి తగిలించేసి, దాని వెనక తుప్పుపట్టి ఉన్న ఇంకోదాన్ని తీసింది. అంత మంచిదాన్ని వదిలేసిందేమిటని నేను అడిగాను.

"అది నీళ్లు తోడే ఇంజన్ది. దీనికి పట్టదు, సగంలో జారి చెయ్యి విరగ్గొడుతుంది. ఏ వస్తువైనా పట్టుకునే వైపు కాదే, పట్టే వైపు చూడాలి."

ఆ మాట బాబాయికి వినిపించేలాగే అంది.

నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, ఇంజను అందుకోగానే కాలితో యాక్సిలేటరు మెల్లిగా నొక్కమంది. బాబాయి కార్లోనే వదిలేసిన తాళంచెవి తిప్పితే ఎర్రదీపం మినుకుమంది. సెల్ఫు తిప్పే సత్తువ బ్యాటరీకి లేకపోయినా ఆ మాత్రం మినుకు చాలు, మిగతాది చెయ్యి చూసుకుంటుంది అంది. హ్యాండిలు దూర్చి, బొటనవేలిని పిడి చుట్టూ వెయ్యకుండా తక్కిన వేళ్ల పక్కనే ఆనించి పట్టుకుంది. ఇంజను వెనక్కి తన్నితే చెయ్యి జారిపోవాలి గానీ అందులో ఇరుక్కోకూడదు. కింద నుంచి పైకి ఒక్క లాగు లాగింది. కారు దగ్గింది, ఊరుకుంది.

"చెయ్యి విరిగితే వంటెవరు చేస్తారు అక్కయ్యా?" అన్నాడు బాబాయి.

"నీకూ చేతులున్నాయిగా" అని మళ్లీ లాగింది. ఒకసారి నిజంగానే వెనక్కి తన్నింది. ఆమె చెయ్యి ఎగిరి పక్కకి పడింది. విదిలించుకుని మళ్లీ పట్టుకుంది. ఈసారి కారు కొట్టమంతా అదిరేలా అందుకుంది. భయంతో నేను ఎంత గట్టిగా నొక్కానంటే పొగకి బాబాయి బయటికి పరిగెత్తాడు.

నాయనమ్మ వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆకులో పేలపిండి పెట్టి కారు కిటికీలోంచి అత్తయ్య ఒళ్లో పడేసి, "ఉపవాసమైనా ఇది తినచ్చు" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

"సాయంత్రానికి కారు తెచ్చేస్తావుగా?" అన్నాడు బాబాయి.

"నేను వస్తే అదీ వస్తుంది."

రాజమండ్రి దాకా పేలపిండి తింటూ నేనూ వెళ్లాను. ఉద్యోగం ఇచ్చారు. తిరిగి వచ్చాక ఆమె కారును కొట్టంలో పెట్టలేదు. వీధిలో, ముఖం రోడ్డు వైపు తిప్పి ఆపింది. తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఆ నెలలోనే రాజమండ్రిలో గది తీసుకుని కారుతో సహా వెళ్లిపోయింది.

తొంభైల్లో నాకూ సొంతకారు వచ్చింది. అప్పటికే తల నెరిసింది. వానల్లో బయటికి తియ్యకపోతే దాని బ్యాటరీ దిగిపోయేది. ఈ కార్లకి హ్యాండిలు ఉండదు, పక్క బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చే వైర్లు కొనుక్కోవాలి. రాజమండ్రిలో కొట్టుకెళ్తే కుర్చీలో ఉన్నాయన, మగవాళ్లెవరినైనా పంపితే చూసి తీసుకెళ్తారు కదండీ అన్నాడు. చూడ్డానికే నేనొచ్చాను అన్నాను.

"అయితే ఇది తీసుకోండమ్మగారూ. పిడి చూడండి, పట్టుకోడానికి ఎంత బావుందో!"

తిరగేశాను. క్లిప్పు పళ్లు రేకుముక్కలు. వైరు పైన రబ్బరు లావు, లోపల రాగి పురికొసంత లేదు. ఇంజను తిప్పేంత కరెంటు అందులోంచి రాదు. పై అరలో దుమ్ముపట్టిన జత దింపించాను. బరువు, ముతక పిడులు, దిట్టమైన రాగి, గట్టిగా కరిచే పళ్లు.

"అది పొట్టిదండీ."

"బండి దగ్గరగా పెట్టుకుంటాను."

"అయినా ఎవరో ఒకరు వాళ్ల బండి ఇవ్వాలి కదండీ."

ఇవ్వాలి. సాయం అడగడానికి నాకు సిగ్గులేదు. సాయం చేస్తానని చెప్పి బస్సు తప్పిపోయేలా చేసేవాళ్లతోనే నాకు పేచీ.

ఆ వైర్లు ఇప్పటికీ నా కారు డిక్కీలో ఉన్నాయి. మా వీధిలో ఎవరి బండి మొరాయించినా నా దగ్గరికే వస్తారు. ఎవరు ఏది చేతికిచ్చినా, వస్తువైనా మాటైనా సరే, నేను మెరిసే కొసను చూడను, తిరగేసి చూస్తాను. ఇచ్చేవాళ్లకి అది నచ్చదు. నచ్చక్కర్లేదు.