వంతెన మీది తారలు, శిబిరంలో అనుమానాలు

ఉద్యమం రోజుల్లో జనగామ దీక్షా శిబిరంలో భోజనాల వేళ తప్ప వక్తలకు కొరత ఉండేది కాదు. అలాంటి ఒక వేళ, సమ్మెతో కాలేజీ మూతపడి ఖాళీగా ఉన్న నా చేతికి మైకు వచ్చింది. మర్నాటి రిలే దీక్షలో నేనూ కూర్చోవాలి. మా వాడలో నాకు దక్కిన మొదటి గౌరవం అది.

నాకు తెలిసింది ఫిజిక్సు. అదే చెప్పాను. దక్షిణాకాశంలో రెండు చిన్న గెలాక్సీలు ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి. ఆ గుంజులాటలో వాయువు బయటికి సాగి, నడుమ వంతెనలా పరుచుకుంది. అక్కడ కొన్ని జంట తారలు దొరికాయి. జంటలో ఒకటి వెలుగుతూ కనిపిస్తుంది. రెండోది చచ్చి కుంచించుకుపోయింది. అయినా పక్కదాని పదార్థాన్ని గుంజుకుంటూనే ఉంటుంది. ఆ పదార్థం దాని మీద పడేటప్పుడు కాగిపోయి ఎక్స్‌రేలు చిమ్ముతుంది.

శిబిరం కన్వీనరైన వకీలు అడిగాడు. "తమ్మీ, గవి ఈడికెళ్లి కనబడ్తయా?"

"కనబడయన్నా."

"మరి ఆ సచ్చినదాన్ని ఎట్ల పట్టిన్రు?"

"ఎవలి చుట్టు తిరుగుతున్నదో, ఎవలిది తింటున్నదో చూస్తే దొరుకుతదన్నా."

శిబిరంలో ఎవరి పక్కన ఎవరున్నారో అందరూ చూసుకోవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లుగా రాస్తారోకోకు మాకన్నా పోలీసులే ముందొస్తున్నారు. ఎవరో సమాచారం చేరవేస్తున్నారని అందరికీ అనుమానం. ఇప్పుడు దానికొక శాస్త్రీయ పద్ధతి కూడా దొరికింది.

పూలమ్మే అవ్వ మొదలుపెట్టింది. "గీ పిలగాడు రోజు హోటల్ల ఆ మఫ్టీ పోలీసాయన పక్కన్నే కూసుంటడు. ఆయన బిస్కెట్లే తింటడు."

హోటల్లో ఉన్నది ఒకటే బెంచీ అన్నాను. వకీలు నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచాడు.

"రేపు పొద్దుగాల నర్మెట్ట రోడ్డు మీద వంటావార్పు. నీకొక్కనికే చెప్తున్న. గాడికి పోలీసులొస్తే దీక్షల నీకు జాగ లేదు."

ఎవరికీ చెప్పలేదు. ఆ పూట హోటలు వైపే పోలేదు. తెల్లారి నర్మెట్ట రోడ్డు మీద పోలీసు వ్యాను నిలబడి ఉంది.

"ఇగ ఏమంటవ్?" అన్నాడు వకీలు.

"పాలకుర్తి రోడ్డు గూడ జర చూసి రాండ్రి అన్నా. తార వంతెనలనే ఉన్నదో, ఇంకేడిదో మన చూపుకు అడ్డం వచ్చిందో తేల్చకుంట వంతెనదే అంటే తప్పయితది."

బండి మీద ఒకరు పోయి వచ్చారు. అక్కడా వ్యానే. సూర్యాపేట రోడ్డు మీద ఇంకొకటి. ఆ రోజుల్లో వ్యాను లేని రోడ్డు దొరకాలంటే కొత్తగా వేయించుకోవాలి. నా నిర్దోషిత్వం రుజువైందనుకున్నాను.

వకీలు మూడు రోడ్లూ వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"అంటే ఒక్కడు గాదన్నట్టు. శానమంది ఉన్నరు."

ఆ లెక్కన అనుమానం ఉన్నవాళ్లనందరినీ పక్కకు పెడితే దీక్షకు మనుషులు మిగలరు. నన్ను కూర్చోనిచ్చారు.