రాతికి పట్టిన చౌడు

"మమ్ ఈజ్ గాన్, అక్కా," అంది ఎదురు ఫ్లాటు పిల్ల, మాస్కు వెనక నుంచి. సిటీవెస్ట్‌లో మా ఎదురింటి ఆంటీ కోవిడ్‌తో ఆసుపత్రిలో పోయారు. ఆ పిల్లను దగ్గరికి తీసుకోవడానికి కూడా లేని రోజులు. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో చెబుతాను.

ఆంటీది మ్యూజియంలో, ఈజిప్టు గదిలో కాపలా ఉద్యోగం. అక్కడ ఒక చెక్కుడు రాయి ఉంది. రొట్టెల బల్ల ముందు కూర్చున్న మనిషి, పక్కన అతని పేరు. ఆ పేరు పైకి పలికితే పోయినవాడికి తిండి అందుతుందట. "మనం పిండం పెట్టేప్పుడు పేరూ గోత్రమూ చెప్పమా పాపా? అదే ఇది," అనేవారు ఆంటీ. రోజూ ఆ పేరు పలికాకే ఇంటికి లువాస్ ట్రాము ఎక్కేవారు. అదే రాతిమీద ఇంకో బొమ్మకు పేరుండాల్సిన చోట గుంట. "పగోళ్ళు చెక్కేసినారు. పేరు లేకుంటే ఆ లోకంలో గూడా పస్తే."

ఒకరోజు రాయి అడుగున తెల్లటి పొడి చూశారు. "మా కడప ఇంటి గోడ మాదిరే చౌడు పడ్తాంది పాపా. ఆఫీసరుకు చెప్తే గ్రాండ్, అంతా బాగానే ఉండాదని నవ్వి పోయినాడు," అన్నారు. బొమ్మ రాలిపోతుందని ఆమెకు నిద్ర పట్టేది కాదు. మూడుసార్లు రాసిచ్చాక గానీ రాయిని బాగుచేయలేదు.

లాక్‌డౌన్‌లో ఆ ఆఫీసరు దాని మీద ఆన్‌లైన్ ప్రసంగం పెట్టాడు. ఆంటీ పట్టుచీర కట్టుకుని తమ గుమ్మంలో, నేను మా గుమ్మంలో కూర్చున్నాం. మధ్యన స్టూలు మీద ల్యాప్‌టాప్. చౌడును మొదట చూసింది తానేనన్నాడు.

"నా పేరొక్కసారి అనింటే ఏం పోయుండె?" అంటూ ఆంటీ తలుపేసుకున్నారు.

ఆమె పోయాక ఆ పెద్దమనిషి సంతాపం పంపాడు. నమ్మకస్తురాలైన ఉద్యోగి అట. అందులోనూ పేరు లేదు. చౌడు ఎవరు చూశారో ఇప్పుడైనా చెప్పమని రాశాను. ఉలుకూ పలుకూ లేదు. ఆంటీ అయితే క్షమించేవారేమో. నేను క్షమించను. ఈ కాగితం మీద అతని పేరు ఒకసారి రాసి, కనపడకుండా కొట్టేశాను. ఆంటీ పేరు మాత్రం నోటితోనే చెప్పాలనుకున్నాను.

మ్యూజియం తెరిచిన వారమే వెళ్ళాను. రాయి పక్కన కొత్త పలక, దాని మీద చౌడును గుర్తించిన ఘనుడిగా అతని పేరు. రొట్టెల బల్ల ముందు నిలబడి, మాస్కులోంచే గట్టిగా, ఆంటీ పేరూ గోత్రమూ మూడుసార్లు చెప్పాను. కాపలా ఆయన ఇటు తిరిగి చూశాడు. ఫోటో తీసి ఎదురింటి పిల్లకు పంపాను. అందులో రాయి శుభ్రంగా ఉంది, రొట్టెలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. పలక మీద అతని పేరున్న చోట నా బొటనవేలు ఉంది.